తలాంతు అను మాట: దాని తూకము, దాని అర్థము

నేను వేదాంత కళాశాల విడిచి మొదటి సంఘమునకు కాపరిగా వచ్చిన క్రొత్తలో, ఒక వేసవి సెలవులలో పిల్లలకు తలాంతుల పోటీ ఏర్పాటు చేసితిని. పాటలు, కంఠత వాక్యములు, ఉపన్యాసము, ఇవి అందలి అంశములు. నేను బల్ల ముందు కూర్చుండి పేర్లు వ్రాసికొనుచుండగా పదేండ్ల బాలుడొకడు వచ్చి వరుసలో నిలిచెను. వానికి నత్తి. తన పేరు చెప్పుటకే వానికి చాల సేపు పట్టెను. వెనుకనున్న పిల్లలు నవ్విరి. నేను వానిని కసరలేదు. నవ్వుచునే, "నీకీ పోటీలెందుకు బాబూ, నీవు బెంచీలు సర్దుదువుగానిలే" అంటిని. వాడు తల యూపి వెళ్లి బెంచీలు సర్దెను.

ఆ సాయంకాలము వాని తల్లి కూలిపని నుండి తిన్నగా మా యింటికి వచ్చెను. గడప లోపలికి రాలేదు. "మావోడికి దేవుడేమీ ఇయ్యలేదంటారా అయ్యగారూ?" అని అడిగెను. ఆమె గొంతులో కోపము లేదు. నిజముగా తెలిసికొనగోరియే అడిగినది. అందరికి అన్నియు ఉండవనియు, విచారపడవద్దనియు ఏదో చెప్పి పంపివేసితిని. ఆమె "సరేనండి" అని వెళ్లిపోయెను.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. చదువరులారా, ఆ పోటీకి మేము పెట్టిన పేరులోనే ఆ ప్రశ్నకు జవాబున్నదని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. ఇంగ్లీషు నేర్చిన ప్రతివాడును "టాలెంట్" అను నామవాచకమును వాడును. మన సంఘములలో ఇంగ్లీషు రానివారును "తలాంతు" అందురు. ఇంత వాడుకలో ఉన్న ఈ మాట ఎక్కడ పుట్టినది? ఏ త్రోవను మన నోటికి వచ్చినది? త్రోవలో ఏమి పోగొట్టుకొన్నది? ఈ మాసము దానిని విచారింతము.

త్రాసు నుండి సంచిలోనికి

ఈ మాట గ్రీకువారిది. వారు "తలాంతోన్" అనిరి. మొదట దానికి త్రాసు అనియు, తూచబడినది అనియు అర్థము. హోమరు వ్రాసిన ఇలియడ్ కావ్యము ఇరువది రెండవ కాండములో, అఖిల్లెసు హెక్టరు అను ఇద్దరు వీరులలో ఎవరు చావవలెనో తెలియుటకై జ్యూసు దేవుడు బంగారు త్రాసు పైకెత్తి వారి విధులను తూచును. అచ్చట త్రాసును తెలుపునది ఈ మాటయే. ఈ పదమునకు మూలమైన ధాతువునకు ఎత్తుట, మోయుట, భరించుట అని అర్థము.

మనకు ఆశ్చర్యము కలిగించు సంగతి యొకటి ఇందులో నున్నది. అదే ధాతువు నుండి సంస్కృతములో "తుల" అను మాట పుట్టినది. తుల అనగా త్రాసు. ఆ తుల నుండియే మన తులము వచ్చినది. కాబట్టి తలాంతు అనునది మనకు బొత్తిగా పరదేశి కాదు. మన కంసాలి బంగారము తూచునప్పుడు పలుకు తులమునకు అది దూరపు చుట్టము. ఒక కుటుంబపు బిడ్డలు ఇద్దరు, ఒకడు తూర్పునకు ఒకడు పడమటికి వెళ్లి, వేల సంవత్సరముల తరువాత మన తెలుగు వేదములో మరల కలిసికొనిరి.

త్రాసు నుండి ఆ పేరు తూనికరాతికి, రాతి నుండి ఆ బరువు గల వెండికి వచ్చినది. ఏథెన్సు నగరపు లెక్కలో ఒక తలాంతు 60 మినాలు, అనగా 6,000 ద్రాక్మాలు. దాని బరువు సుమారు 26 కిలోలు.

హెబ్రీ భాషలో దీనికి సరియైన మాట "కిక్కారు". కిక్కారు అనగా గుండ్రనిది. గుండ్రని రొట్టెకును, యొర్దాను చుట్టు నున్న మైదానమునకును హెబ్రీలో ఈ మాటయే. కరిగించిన లోహమును గుండ్రని దిమ్మగా పోయుటచేత ఆ బరువునకును ఆ పేరే కలిగెను. ఆ తూకమెంతయో నిర్గమకాండము 38వ అధ్యాయములో మనమే లెక్క కట్టవచ్చును. లెక్కింపబడిన పురుషులు 6,03,550 మంది. ఒక్కొక్కరు అర షెకెలు చొప్పున ఇచ్చిన వెండి 3,01,775 షెకెలులు. మూలములో ఆ మొత్తము 100 కిక్కారులు, పైన 1,775 షెకెలులు అని యున్నది. కాబట్టి ఒక కిక్కారునకు 3,000 షెకెలులు. షెకెలు సుమారు 11.4 గ్రాములు. మన పాత తులము 11.66 గ్రాములు. మన భాషాంతరకర్తలు షెకెలును తులము అనుట ఎంత సరిగా నున్నదో చూడుడు. ఆ ప్రకారము ఒక కిక్కారు సుమారు 34 కిలోలు. గుడారములోని దీపవృక్షమును దాని ఉపకరణములతో కూడ చేయుటకు పట్టిన మేలిమి బంగారము ఇంత. పెద్ద బియ్యపు బస్తా మోయు కూలివాడు గాని అట్టి దిమ్మను సుళువుగా భుజమున కెత్తుకొనలేడు.

ఇక వెలమాట. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి దినమునకు ఒక దేనారము. దేనారము ఇంచుమించు ద్రాక్మాతో సమానము. కాబట్టి ఒక తలాంతు వెండి 6,000 దినముల కూలి. సంవత్సరమునకు 300 పనిదినములు వేసికొన్నను, అది 20 సంవత్సరముల కష్టార్జితము. అయిదు తలాంతులనగా నూరు సంవత్సరముల కూలి, ఒక మనుష్యుడు తన జీవితకాలములో సంపాదింపలేనిది. రెండు తలాంతులనగా నలువది సంవత్సరముల కూలి.

ఇచ్చట కొంచెము ఆగవలెను. మనము ఉపమానము చదువునప్పుడు అయిదు, రెండు, ఒకటి అను అంకెలను మాత్రము చూచి, మూడవవానికి కొంచెమే దొరికినదని వానిమీద జాలిపడుదుము. కాని వానికి దొరికినది ఇరువది ఏండ్ల కూలి! ప్రభువు చెప్పిన కథలో కొంచెము పొందినవాడు ఒక్కడును లేడు. నా గడప యొద్ద నిలిచిన ఆ తల్లి ఇరువది ఏండ్లు మన్ను మోసినను అంత సొమ్ము కూడబెట్టలేదు. అట్టి మాటను పోటీకి పేరుగా పెట్టి, ఆమె కుమారునికి అదేమియు లేదని నేను తేల్చితిని.

సంచి నుండి మనసులోనికి

రోమీయులు గ్రీకుల యొద్దనుండి ఈ మాటను "తలెంతుమ్" అని తీసికొనిరి. లాటిను నుండి అది పూర్వపు ఇంగ్లీషులోనికి తూకము పేరుగానే ప్రవేశించెను. అయితే మధ్యయుగములలో దానికి వింతయైన మార్పు కలిగినది. త్రాసు తట్ట ఒక వైపునకు మొగ్గును గదా. ఆ మొగ్గును మనుష్యుని మనసునకు అన్వయించి, మనసు మొగ్గిన వైపు, అనగా కోరిక, ఇచ్ఛ, స్వభావము అను అర్థములలో వాడసాగిరి. పూర్వపు ఫ్రెంచి భాషలో దీని సామాన్యార్థము కోరిక. ఆ భాష ద్వారా ఇంగ్లీషునకును ఈ అర్థము వచ్చినది. స్పానిష్ భాషలో నేటికిని "తలాంతె" అనగా మనోభావము, ఒకని మనసున్న తీరు.

పదునైదవ శతాబ్దము నాటికి ఇంగ్లీషులో ఆ అర్థమును వెనుకకు నెట్టి మరియొక అర్థము పైకి వచ్చెను. పుట్టుకతో వచ్చిన నేర్పు, బుద్ధిబలము అనునదే అది. ఇది ఎచ్చటనుండి వచ్చినదో సందేహము లేదు. మత్తయి 25వ అధ్యాయముపై తరతరములుగా జరిగిన ప్రసంగముల నుండి వచ్చినది. బోధకులు "నీ తలాంతును పాతిపెట్టకుము" అని చెప్పగా చెప్పగా, వినువారి చెవిలో తలాంతు అనగా సామర్థ్యమని స్థిరపడినది. 1755లో శామ్యూల్ జాన్సన్ పండితుడు తన గొప్ప ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించినప్పుడు, ఈ అర్థము పరిశుద్ధ గ్రంథములోని తలాంతుల నుండి అరువు తెచ్చుకొన్న రూపకమని స్పష్టముగా వ్రాసెను. ఇంగ్లీషువారి బజారులో నేడు వినబడు ఈ మాట గుడిలోనుండి బయటికి నడచినదన్నమాట.

మిల్టను కవికి 1652 నాటికి రెండు కన్నులును పోయెను. తన అంధత్వమును గూర్చి అతడు వ్రాసిన చిన్న పద్యములో తలాంతు అను మాట రెండర్థములతోను నిలిచియున్నది. దాచిన సొమ్మును అదే, వ్రాయలేక మూలబడిన కవిత్వశక్తియు అదే. అతనికి ఆ రూపకమింకను సజీవముగా నుండెను. యజమానుడు లెక్క అడుగునను భయముతోనే అతడు ఆ మాట పలికెను.

తరువాత తరములవారు యజమానుని మరచిరి. పందొమ్మిదవ శతాబ్దములో "టాలెంట్ గలవాడు" అను అర్థమిచ్చు విశేషణము వాడుకలోనికి రాగా, కోల్‌రిడ్జ్ కవి 1832లో దానిని మిక్కిలి అసహ్యించుకొనెను. తలాంతు ఒక నాణెపు లెక్క గదా, దానినుండి విశేషణము చేయుదురేని షిల్లింగు నుండియు ఫార్తింగు నుండియు ఏల చేయరాదని అతడు ఎగతాళి చేసెను. అతని మాట ఎవరును వినలేదు. ఇప్పుడైతే పెద్ద కంపెనీలలో పనివారినే టాలెంట్ అని పిలుచుచున్నారు. సొమ్ము పేరు మనుష్యునికి వచ్చినది. అది గౌరవమో, ధర కట్టుటయో చదువరులే యోచింతురుగాక.

ఇరుగు పొరుగు మాటలు

ఒక మాటను ఎరుగుటకు దాని పర్యాయపదములను ప్రక్కన నిలిపి చూడవలెను. నిఘంటువులు వీటినన్నిటిని ఒక వరుసలో కూర్చుండబెట్టును గాని, ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంట పుట్టినది.

ఇంగ్లీషులోని "ఎబిలిటీ" అను మాట లాటినులో చేతికి చక్కగా అమరినది అను అర్థము గల పదము నుండి వచ్చినది. మన సామర్థ్యము దానికి సరిపోవును. "స్కిల్" ఉత్తరదేశపు నార్సు భాషది. అచ్చట దానికి భేదము కనిపెట్టుట, వివేకము అని అర్థము. నేడది అభ్యాసముచేత వచ్చిన పనితనము. మన నేర్పు అను మాటయు నేర్చుట నుండియే వచ్చినది. "జీనియస్" రోమీయుల మతమునుండి వచ్చినది. ప్రతి మనుష్యునితో కూడ పుట్టి వానిని కాయు దేవత అని వారి నమ్మకము. తరువాత అది అసాధారణమైన ప్రతిభకు పేరాయెను. ప్రతిభ అనగా మనకు మెరుపు, ప్రకాశము. "గిఫ్ట్" అనగా ఇయ్యబడినది. మన వరము కోరుట, ఎన్నుకొనుట అను ధాతువునుండి వచ్చినది.

హాజ్లిట్ అను విమర్శకుడు 1821లో ప్రకటించిన ఒక వ్యాసములో, మన దేశపు గారడీవాడొకడు నాలుగు ఇత్తడి గుండ్లను గాలిలో నాడించుట చూచి, ఇంత తప్పులేకుండ నేను చేయగల పని యొక్కటియైన కలదాయని సిగ్గుపడెను. ఆ వ్యాసములోనే అతడు ఈ మాటలను వేరుచేసెను. శ్రద్ధచేతను పరిశ్రమచేతను చేయగలది టాలెంట్ అనియు, మనుష్యుడు కోరకయే వానిలో పనిచేయు శక్తి జీనియస్ అనియు అతని భావము.

ఈ వరుసలో సామర్థ్యము, నేర్పు, ప్రతిభ, ఇవన్నియు మనుష్యునిలో నున్నవి. వరము చేతికి వచ్చిన పిమ్మట పుచ్చుకొన్నవానిదే యగును. తలాంతు ఒక్కటే ఎప్పటికిని పరుని సొత్తు. అది అప్పగింపబడినది. దానిని మోయవలెను, లెక్క చెప్పవలెను. మోయుట అను దాని మొదటి ధాత్వర్థము ఇచ్చట మరల మేల్కొనుచున్నది.

ఉపమానము చెప్పినదేమి?

ఇప్పుడు వేదము విప్పి చూడుడు. మత్తయి 25:15లో యజమానుడు ఒక్కొక్కనికి వాని వాని సామర్థ్యము చొప్పున తలాంతులు ఇచ్చెనని యున్నది. ఈ ఒక్క మాటను మనమెంత తొందరగా దాటిపోవుదుము! సామర్థ్యము వేరు, తలాంతు వేరు. సామర్థ్యము ముందే దాసునిలో నున్నది. దానిని చూచి యజమానుడు తన ఆస్తిని వానికి అప్పగించెను. తలాంతే సామర్థ్యమైన యెడల, సామర్థ్యమునుబట్టి సామర్థ్యమిచ్చెనని చెప్పినట్లగును. కాబట్టి నేటి ఇంగ్లీషు అర్థమును ఉపమానములో పెట్టి చదువువాడు ఉపమానమునే తలక్రిందులు చేయుచున్నాడు.

తెలుగులో మన చిక్కు మరింత ఎక్కువ. రాజుల గ్రంథములలో సొలొమోను బంగారమును చెప్పునప్పుడు మన భాషాంతరకర్తలు హెబ్రీ తూకమును మన మణుగులలోనికి మార్చిరి. ఎనిమిది వీసెలు ఒక మణుగు. ఆ లెక్క మన తాతలకు బజారులో తెలిసినదే. కాని సువార్తలో తలాంతు అను గ్రీకు మాటనే ఉంచిరి. తెలుగు బజారులో ఎవడును తలాంతుతో ఏదియు తూచలేదు. అందుచేత ఆ మాటకు మన చెవిలో బరువు లేకపోయెను. పాటకు, ఉపన్యాసమునకు అది సులువుగా అంటుకొనెను. సువార్తలో కూడ మణుగుల వెండి అని చదివియుండిన యెడల, నేను పిల్లలకు మణుగుల పోటీ పెట్టియుందునా?

సంఘపు పితరులు ఈ మాటను ఇంతకంటె విశాలముగా గ్రహించిరి. నాలుగవ శతాబ్దపు చివరను మత్తయి సువార్తపై ప్రసంగించిన యోహాను క్రిసోస్తోము, తలాంతనగా మనుష్యుని చేతిలో నున్నది ఏదైనను కావచ్చుననెను. ఇతరులను కాపాడగల స్థితి, ధనము, బోధ, మరి ఏదైనను పొరుగువాని మేలుకొరకు ఇయ్యబడినదే యని అతని బోధ. 590 నుండి 604 వరకు రోమా సంఘమునకు అధ్యక్షుడైన మహా గ్రెగొరి, అయిదు తలాంతులు పంచేంద్రియములనియు, రెండు తలాంతులు వివేకమును క్రియయు ననియు, ఒకటి వివేకమనియు చెప్పెను. అంతటితో ఆగలేదు. ఏమియు లేనివానికి ఒక ధనవంతునితో పరిచయమున్న యెడల, ఆ పరిచయమే వాని తలాంతు అనెను. బీదలకొరకు ఆ ధనవంతునితో ఒక మాట చెప్పనివాడు తలాంతును పాతిపెట్టినవాడేనని హెచ్చరించెను. పాట కాదు, ప్రతిభ కాదు, ఒక పరిచయము!

మరి రెండు సంగతులు గమనింపుడు. అయిదు తలాంతుల దాసుడును రెండు తలాంతుల దాసుడును విన్న మెప్పు మాట మాటకు ఒక్కటే. వారి సంపాదనలోని భేదమును యజమానుడు ప్రస్తావింపనే లేదు. మూడవ దాసుడు సోమరియైనను, తనకు దొరికినది తనదని ఎన్నడును అనలేదు. నీది నీవు తీసికొనుమనెను. "నా టాలెంట్" అను నేటి మాట ఆ చెడ్డ దాసుని నోటనైనను రాలేదు.

ఒక్క తలాంతు గలవాడు

నిఘంటువు వ్రాసిన జాన్సన్ పండితునికి ఈ ఉపమానమనిన జీవితమంతయు భయము. తాను సోమరినని, పొందినదానికి లెక్క చెప్పలేనని ప్రార్థనలలో వ్రాసికొనెడివాడు. అట్టి పండితుని ఇంట రాబర్ట్ లెవెట్ అను వైద్యుడు అనేక సంవత్సరములు నివసించెను. పట్టా లేదు. యౌవనములో పారిస్ నగరపు కాఫీ దుకాణములో సేవకుడుగా నుండి, అచ్చటి వైద్యుల దయచేత కొంత నేర్చుకొనెను. లండను బీదల ఇరుకు సందులలో దినమెల్ల నడచి రోగులను చూచెడివాడు. వారిచ్చిన స్వల్పమును పుచ్చుకొనెడివాడు. మాటకారి కాడు, మర్యాదలు తెలిసినవాడు కాడు. జాన్సన్ స్నేహితులు ఇతనినెందుకు ఇంట పెట్టుకొన్నాడని ఆశ్చర్యపడిరి. 1782 జనవరిలో లెవెట్ చనిపోగా, జాన్సన్ అతనిని గూర్చి ఒక పద్యము వ్రాసెను. అందులో ఒంటరి తలాంతును చక్కగా వినియోగించినవానిగా అతనిని యజమానుని యెదుట నిలిపెను. అయిదు తలాంతుల పండితుడు ఒక్క తలాంతువానికి ఇచ్చిన సాక్ష్యమది. నిఘంటువులో వ్రాసిన అర్థముకంటె ఈ పద్యములో చూపిన అర్థము లోతైనది.

ఆ తల్లికి జవాబు

ఆ బాలుడు మరల ఏ పోటీకిని పేరు ఇయ్యలేదు. నాలుగైదు సంవత్సరములు ప్రతి ఆదివారము ముందుగా వచ్చి బెంచీలు సర్ది, అందరికంటె వెనుక కూర్చుండెను. తరువాత పనికొరకు వేరు ఊరికి వెళ్లిపోయెను. వాని తల్లి ఇప్పుడు లేదు. ఆమె భూస్థాపన ఆరాధన నేనే జరిగించితిని. ఆమె ప్రశ్నకు జవాబు మాత్రము ఆమె బ్రతికియుండగా చెప్పలేకపోతిని.

వానికిని తలాంతున్నది, బెంచీలు సర్దుటయే వాని తలాంతు అని ఇప్పుడు చెప్పి తప్పించుకొనవచ్చును. అది జవాబు కాదు. ఆ పని నేను వానికి ఇచ్చినది, దేవుడిచ్చినది కాదు. వానికేమి ఇయ్యబడినదో తెలిసికొనుటకు వాని ప్రక్కన నేను పది నిమిషములైనను కూర్చుండలేదు. కూర్చుండి, వాడు తడబడుచు పలుకు ఒక్క వాక్యమును ఓపికతో వినియుండవలసినది. సంఘమంతటికి ఆ ఓపిక నేర్పియుండవలసినది.

క్రిసోస్తోమును గ్రెగొరిని చదివినప్పుడు నాకు తెలిసినదేమనగా, ఆ దినమున తలాంతు ఎవరిది అను లెక్కనే నేను తప్పుగా వేసితిని. పొరుగువాని మేలుకొరకు మన చేతికి వచ్చినదే తలాంతైన యెడల, ఆ బాలుడే నాకు అప్పగింపబడిన తలాంతు. ఇరువది ఏండ్ల కూలికంటె విలువగల సొత్తు నా బల్ల ముందు వరుసలో నిలిచి తన పేరు చెప్పుటకు ప్రయాసపడుచుండెను. నేను నవ్వుచు గొయ్యి త్రవ్వితిని.

చదువరులారా, మీలో బడిపంతుళ్లున్నారు, తలిదండ్రులున్నారు, సంఘపెద్దలున్నారు. వీనికి టాలెంట్ లేదు అను మాట ఏ బిడ్డను గూర్చియైనను మీ నోటికి వచ్చునప్పుడు, ఆ మాట ఒకప్పుడు త్రాసు పేరని జ్ఞాపకము చేసికొనుడు. ఆ త్రాసు మన చేతిలో లేదు. అప్పగించినవాడు బహు కాలమునకు వచ్చి దాసుల యొద్ద లెక్క చూచుకొనునని వ్రాయబడియున్నది. ఆ దినమున ఆ బాలుని పేరు నన్నడుగును. ఆ పేరు నాకు జ్ఞాపకమున్నది.